అథీనియస్ విందును మొదటి పుట నుండి చదవకండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు ప్లేటో "సింపోజియం"ను అనువాదంలో చదివి ఆనందించారు. ఆ కోవలో అంతకంటే పెద్ద గ్రంథం ఉందని ఎవరో చెప్పగా అథీనియస్ రచించిన "దైప్నోసోఫిస్తాయ్", అంటే "విందులో పండితులు", తెప్పించుకున్నారు. నలభై పుటలు చదివేసరికి ఉటంకింపు మీద ఉటంకింపు తప్ప మనుషులెవరూ కనిపించలేదు. ఇది సాహిత్యమా, నిఘంటువా, లోపం మీలో ఉందా, పుస్తకంలో ఉందా, అసలు గ్రీకు విందు సాహిత్యాన్ని ఏ వరుసలో చదవాలి అని అడిగారు.

సమాధానం నేరుగా చెబుతాను. లోపం మీది కాదు. మీరు చదివిన నలభై పుటలు అథీనియస్ రాసింది రాసినట్టుగా మనకు దక్కినవి కావు. ఆ గ్రంథంలోని 15 భాగాల్లో మొదటి రెండూ, మూడో దాని ఆరంభమూ ఒక సంక్షిప్త ప్రతిలో మాత్రమే మిగిలాయి. సంక్షిప్తం చేసినవాడు వంటకాల పేర్లను, పద్యపాదాలను, విడ్డూరపు కథలను ఉంచుకొని, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో ఆ సంభాషణను చాలావరకు కత్తిరించివేశాడు. అంటే విందును తీసివేసి విస్తరాకులోని పదార్థాల జాబితాను మీ ముందు పెట్టారు. ముందు సోక్రటీస్ శిష్యుడు క్సెనొఫన్ ఇదే "సింపోజియం" పేరుతో రాసిన చిన్న పుస్తకాన్ని, తర్వాత గ్రీకు రచయిత ప్లూటార్క్ "గోష్ఠి ప్రశ్నలు" నుండి పది పదిహేను ప్రశ్నలను చదవండి. ఆ తర్వాత అథీనియస్‌ను మూడో భాగం చివరి నుండి మొదలుపెట్టి, నాలుగు, తొమ్మిది భాగాలకు వెళ్ళండి. మొదటి రెండింటిని అన్నిటికంటే చివర చదవండి.

ఈ సలహా నా పొరపాటు నుండి పుట్టింది. ముప్ఫై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు ప్రాచీన చరిత్ర చెప్పాను. నలభై దాటాక, చాలా నెమ్మదిగా, గ్రీకు నేర్చుకున్నాను. పదవీ విరమణ తర్వాత మా ఇంట్లో ఆదివారాలు ఒక చదువరుల బృందం నడుపుతున్నాను. మొదటి ఏడాది అథీనియస్‌ను, పుస్తకం అంటే మొదటి నుండే చదవాలి కదా అని, మొదటి పుట నుండే మొదలుపెట్టించాను. పన్నెండు మందితో మొదలైన బృందంలో మూడో వారానికి నలుగురం మిగిలాము. ఆ నలుగురిలో ఒకరు మా ఆవిడ, ఆమె కాఫీ ఇవ్వడానికి ఎలాగూ అక్కడ ఉండవలసినదే. మరుసటి ఏడాది మూడో భాగం చివరి నుండి, పాత్రలు పంచుకొని చదివించాను. ఎవరూ మానలేదు.

ముందు మాటల సంగతి. గ్రీకులకు "దైప్నోన్" వేరు, "సింపోసియోన్" వేరు. మొదటిది భోజనం. రెండోది భోజనం ముగిశాక జరిగేది, ఆ మాటకు అర్థమే "కలిసి తాగడం". బల్లలు తీసివేసి, నేల ఊడ్చి, చేతులు కడుక్కొని, తలలకు పూలదండలు పెట్టుకొని, దేవతలకు ద్రాక్షసారాయి ధారపోసి, స్తోత్రం పాడి, పెద్ద పాత్రలో సారాయిని నీళ్ళతో కలిపి, ఎడమ మోచేతి మీద ఆనుకొని మంచాల మీద పడుకొని, మాట ఒకరి తర్వాత ఒకరికి కుడివైపుగా తిరుగుతూ ఉండగా గడిపే రాత్రి అది. తరగతిలో దీనిని "విందు" అని చెప్పినన్నాళ్ళూ విద్యార్థులు తిండి గురించే అడిగేవారు, "పానగోష్ఠి" అనడం మొదలుపెట్టాక సర్దుకుంది. ఆ సమాసంలో తాగడమూ ఉంది, మాటా ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో "సింపోజియం" అంటే ఉపన్యాసాల సదస్సు. అందులో పాత అర్థానికి కాస్త దగ్గరగా మిగిలింది మధ్యాహ్న భోజన విరామం ఒక్కటే.

ఆ రాత్రి ఎలా ఉండాలో క్సెనొఫనీస్ అనే కవి క్రీ.పూ. ఆరో శతాబ్దం ప్రాంతంలో ఒక పద్యంలో చెప్పాడు. ఈయన వేరు, నేను పైన చెప్పిన క్సెనొఫన్ వేరు. ఇప్పుడు నేల శుభ్రంగా ఉంది, అందరి చేతులూ గిన్నెలూ శుభ్రంగా ఉన్నాయి అని మొదలవుతుంది ఆ పద్యం. మరీ ముసలివాడైతే తప్ప, నౌకరు సాయం లేకుండా ఇల్లు చేరుకోగలిగినంత వరకే తాగమంటాడు. రాక్షసుల యుద్ధాల పాటలు, ఊరిలోని కక్షల పాటలు ఇక్కడ వద్దంటాడు. ఈ పద్యం మనకు ఎలా దక్కింది? అథీనియస్ పదకొండో భాగంలో ఉటంకించాడు కాబట్టి దక్కింది. ఈ వాక్యాన్ని మీరు గ్రీకు సాహిత్య చరిత్రల్లో పదేపదే చూస్తారు.

ప్లేటోను మీరు చదివారు కాబట్టి ఒకటి రెండు విషయాలే చెబుతాను. క్రీ.పూ. 416లో అగాథన్ అనే విషాదనాటక కవికి తొలి బహుమతి వచ్చిన మరునాటి రాత్రి కథ అది. అందరూ ముందు రాత్రి తాగిన తలనొప్పితో ఉన్నారు కాబట్టి, ఎవరికి ఇష్టమైనంత వారు తాగుదాం, వేణువు వాయించే అమ్మాయిని పంపివేద్దాం, మాటలతో కాలం గడుపుదాం అని వైద్యుడు ఎరిక్సిమాకస్ ప్రతిపాదిస్తాడు. అంటే ప్లేటో పానగోష్ఠి నుండి పానాన్నీ పాటనూ ముందే తగ్గించి మొదలుపెట్టాడు. ఈ సాహిత్యానికి ప్లేటోయే కొలమానం అనుకోవడం వల్లే చాలామందికి మిగతావి నీరసంగా కనిపిస్తాయి. నిజానికి తేడా ఆయనదే.

క్సెనొఫన్ గోష్ఠిలో పాటా ఆటా అన్నీ ఉన్నాయి. ధనవంతుడైన కాల్లియాస్, ఆటల పోటీలో గెలిచిన ఆటోలికస్ అనే కుర్రవాడి గౌరవార్థం ఇచ్చిన విందు అది. పిలవని విదూషకుడు ఫిలిప్పస్ వచ్చి తలుపు తడతాడు. సిరక్యూస్ నుండి వచ్చిన ఒక గారడివాడు తన నర్తకీనర్తకులతో ప్రదర్శన ఇస్తాడు. ఎవరికి దేని పట్ల గర్వమో చెప్పాలని పందెం. సోక్రటీస్ గంభీరంగా ముఖం పెట్టి తనకు తార్పుడు పని పట్ల గర్వమంటాడు. నికెరాటస్ అనే ఆయన హోమర్ కావ్యాలు రెండూ కంఠస్థమని చెప్పుకుంటాడు. అంతటితో ఆగకుండా, తాగేటప్పుడు ఉల్లిపాయ నంజుకోవాలని హోమర్ చెప్పాడు, ఎవరైనా ఉల్లిపాయ తెప్పిస్తే ఆ పాండిత్యపు ఫలం ఇప్పుడే దక్కుతుందంటాడు. ఉల్లివాసనతో ఇంటికి వెళితే వేరెవరూ ముద్దు పెట్టుకొని ఉండరని భార్య నమ్ముతుంది, అందుకే ఈయనకు ఉల్లి కావలసివచ్చిందని పక్కవాడు ఎత్తిపొడుస్తాడు. ప్రాచీన గ్రంథంలోని ఒక పాదం, పళ్ళెంలోని ఒక వస్తువు, పక్కవాడి ఒక వెక్కిరింత, ఈ మూడూ ఒకచోట కలిసే క్షణమే ఈ సాహిత్య ప్రక్రియ. ఆరు వందల ఏళ్ళ తర్వాత అథీనియస్ చేసింది ఇదే, కాకపోతే లెక్కలేనన్ని పాదాలతో చేశాడు.

ఇక్కడ ఒక గ్రీకు మాట తెలిస్తే ఎంతో సులువవుతుంది. గ్రీకుల భోజనంలో "సీతోస్" అంటే రొట్టె లేదా గంజి, కడుపు నింపేది. "ఒప్సోన్" అంటే దానితో కలిపి తినేది. మన అన్నమూ ఆదరువూ అచ్చంగా ఇదే విభజన. హోమర్ ఉల్లిపాయను పానీయానికి "ఒప్సోన్" అన్నాడు. "సైడ్ డిష్" అని అనువదించినప్పుడు రాని స్ఫురణ "ఆదరువు", "నంజుడు" అన్నప్పుడు తెలుగువారికి వెంటనే వస్తుంది. రొట్టె ముట్టకుండా ఆదరువు మాత్రమే తినేవాడిని "ఒప్సోఫాగోస్" అని ఎగతాళి చేసేవారు. క్సెనొఫన్ మరో పుస్తకంలో సోక్రటీస్ ఒక కుర్రవాణ్ణి పక్కన పెట్టుకొని, ఈ మాటకు నిర్వచనం ఏమిటో చెప్పండి అని మిగతావారిని అడుగుతాడు. ఆ కుర్రవాడు గబుక్కున ఒక రొట్టె అందుకుంటాడు, ఆదరువును మాత్రం వదలడు.

ప్లూటార్క్ విషయానికి వస్తే, రోమన్ మిత్రుడు సోసియస్ సెనెకియోకు అంకితమిచ్చిన ఆయన "గోష్ఠి ప్రశ్నలు" 9 భాగాలు. ఒక్కో భాగంలో పది ప్రశ్నలు, చివరి దానిలో పదిహేను, మధ్యలో కొన్ని పోయాయి. కోడి ముందా గుడ్డు ముందా, ముసలివారు చదివేటప్పుడు కాగితాన్ని కళ్ళకు దూరంగా ఎందుకు పెట్టుకుంటారు, వెన్నెలలో పెట్టిన మాంసం ఎందుకు త్వరగా పాడవుతుంది, అక్షరమాలలో "ఆల్ఫా" ఎందుకు మొదటిది, ఇటువంటివి. మొదటి ప్రశ్నే భోజనం దగ్గర తత్త్వశాస్త్రం మాట్లాడవచ్చునా అన్నది. మాట్లాడవచ్చు, కానీ సారాయి అందరికీ అందినట్టే మాట కూడా అందాలి అంటాడు ప్లూటార్క్. అందరికీ అర్థం కాని చిక్కు వాదాలు దించేవారిని ఈసోప్ కథలోని నక్కాకొంగలతో పోలుస్తాడు. నక్క రాతి పలక మీద పలచటి గంజి పోసింది, కొంగ సన్నని మెడగల కూజాలో వడ్డించింది, ఇద్దరి విందులోనూ అతిథి ఆకలితోనే లేచాడు. సదస్సుల్లో ఎన్నిసార్లు నాకు ఈ నక్క గుర్తుకు వచ్చిందో చెప్పలేను.

ప్లూటార్క్‌లో ఒక్కటే చదవాలంటే మొదటి భాగంలోని రెండో ప్రశ్న చదవండి. అతిథులను గృహస్థుడు కూర్చోబెట్టాలా, వారి ఇష్టానికి వదిలేయాలా అన్నది చర్చ. ప్లూటార్క్ సోదరుడు టిమన్ విందు ఇచ్చి, ఎవరికి నచ్చిన చోట వారు కూర్చోండన్నాడు. ఆలస్యంగా, బాగా అలంకరించుకొని, నౌకర్లను వెంటబెట్టుకొని ఒక పెద్దమనిషి గుమ్మం దాకా వచ్చి, లోపల ఒకసారి చూసి, తన స్థాయికి తగిన చోటు మిగల్లేదని వెనుదిరిగి వెళ్ళిపోయాడు. మిగతావారు కాస్త తాగి ఉన్నారేమో, పోతే పోనీ అని నవ్వారు. తర్వాత ప్లూటార్క్ తండ్రి కొడుకును మందలిస్తాడు. మన పెళ్ళి పందిళ్ళలో పెద్దరికాల పట్టింపులు చూసినవారికి ఈ ప్రశ్నకు వివరణ అక్కరలేదు.

వ్యంగ్య రచయిత లూషియన్ "గోష్ఠి"ని ఒక్క సాయంత్రంలో ముగించవచ్చు. పెళ్ళివిందుకు పిలిచిన తత్త్వవేత్తలు లావుపాటి పక్షి ఎవరి వాటాకు వస్తుందన్న దగ్గర కొట్టుకుంటారు, చదువురాని వారు మర్యాదగా కూర్చొని చూస్తారు. నవ్వుకోవడానికి బాగుంటుంది, అంతకు మించి నేను దానిలో చూడలేదు.

ఇక అథీనియస్. ఈజిప్టులోని నౌక్రాటిస్ అనే గ్రీకు పట్టణంలో పుట్టినవాడు, క్రీ.శ. 200 ప్రాంతంలో రోమ్‌లో రాశాడు. అతిథేయి లారెన్సియస్ అనే సంపన్న రోమన్, పాత గ్రీకు పుస్తకాల పెద్ద సంగ్రహం ఉన్నవాడు. అతిథుల్లో వైద్యుడు గేలెన్ పేరు కూడా కనిపిస్తుంది. కానీ కథకు ఇరుసు ఇద్దరే, టైర్ నగరపు ఉల్పియన్, "కుక్కలను తోలుకుపోయేవాడు" అని అర్థం వచ్చే పేరుగల కినుల్కస్ అనే సినిక్ తత్త్వవేత్త ("సినిక్" అంటేనే "కుక్కవంటివాడు"). ఉల్పియన్‌కు ఒక మారుపేరు ఉంది, "కేయ్తూకేయ్తోస్". "ఉన్నదా లేదా" అని దానికి అర్థం. వీధిలో, స్నానశాలలో, పుస్తకాల అంగడిలో, ఎక్కడైనా ఎవరైనా ఒక మాట అంటే చాలు, అది పాత రచయితలలో ఎక్కడైనా "ఉన్నదా లేదా" అని అడిగేవాడట. పళ్ళెంలోకి వచ్చిన వంటకం పేరుకు ప్రమాణం చూపేదాకా చేయి పెట్టడు.

దీనికి తెలుగులో నేను "ప్రయోగం ఉందా?" అని వాడతాను, ఎందుకంటే మన పండితులు సరిగ్గా ఇదే అర్థంలో ఇదే ప్రశ్న వేసేవారు. పూర్వకవి ప్రయోగం లేని మాట అసాధువు. ఉల్పియన్ వంటివారికి ప్రమాణం తమకంటే ఆరు వందల ఏళ్ళ నాటి ఏథెన్స్ భాష. గ్రాంథిక, వ్యావహారిక వాదాలు ఇళ్ళలో విని పెరిగిన తరం వారికి ఈ పుస్తకంలోని సగం హాస్యం అనువాదం లేకుండానే అందుతుంది.

మూడో భాగం చివర నీళ్ళ ఘట్టం నుండి మొదలుపెట్టమన్నది ఇందుకే. చాలాసేపు ఉప్పుచేపల గురించి ఉటంకింపులు నడిచాక, ఉప్పని మాటలను తియ్యని నీటితో కడుక్కోవాలని కినుల్కస్ "దెకొక్తా" అడుగుతాడు. అది లాటిన్ మాట, కాచి చల్లబరిచిన నీళ్ళు. ఉల్పియన్ చేత్తో దిండు మీద గుద్ది, ఈ అనాగరిక భాష ఎప్పుడు మానతావు, నేను లేచి వెళ్ళిపోయాకనా అని మండిపడతాడు. నేను ఉంటున్నది రోమ్‌లో, ఇక్కడి మాట అలవాటుగా వాడాను, అయినా స్వచ్ఛమైన గ్రీకు రాసిన పాతవారు కూడా పారసీక మాటలు వాడారు కదా, దూరపు కొలతను "పారసాంగ్" అన్నారు, రాజవార్తాహరుణ్ణి "అంగరోస్" అన్నారు అని కినుల్కస్ జవాబు. అక్కడి నుండి చర్చ నీటికీ, నీటి నుండి మంచుకూ పోతుంది. కోపం ఎక్కడ మొదలై ఉటంకింపు ఎక్కడికి తీసుకుపోతుందో గమనిస్తే మిగతా పుస్తకం చదివే పద్ధతి పట్టుబడుతుంది. మా బృందంలో ఉల్పియన్ పాత్ర చదివిన ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఆ రోజు ఉప్మా ప్లేట్లు వచ్చినప్పుడు చేయి అడ్డంపెట్టి, "టిఫిన్" అనే మాటకు ఎవరైనా కవిప్రయోగం చూపిస్తే గాని తినేది లేదన్నారు. ఎవరూ చూపలేకపోయారు, ఉప్మా చల్లారింది.

తర్వాత తొమ్మిదో భాగంలోని పంది ఘట్టం చదవండి. వంటవాడు ఒక పందిని తెస్తాడు, ఒక పక్క కాల్చినది, మరో పక్క ఉడికినది, లోపల పక్షులూ మరెన్నో కూరి ఉన్నాయి, ఎక్కడ కోశాడో మాత్రం కనబడదు. ఎలా చేశావని అడిగితే, మారథాన్‌లో ప్రాణాలొడ్డిన వారి మీద ఆన, ఈ ఏడాది చెప్పనంటాడు. ఆ ఒట్టు దెమొస్తెనీస్ అనే మహావక్త సుప్రసిద్ధ ప్రసంగంలోనిది, దేశం కోసం చచ్చిన వీరుల మీద ఒట్టును వంటవాడు పంది కోసం వాడుకున్నాడు. అంత పెద్ద ఒట్టు వేశాడు కదా అని అతిథులు వేరే పళ్ళేల వైపు చేతులు చాస్తారు. అప్పుడు ఉల్పియన్ తానూ ఒక ఒట్టు వేస్తాడు, ఈసారి ఆర్టెమీసియమ్ నౌకాయుద్ధ వీరుల మీద. "వడ్డించు" అని తాము వాడుతున్న మాటకు ప్రయోగం ఎక్కడుందో తేలేదాకా ఎవరూ ఏమీ తినరాదంటాడు. చివరికి వంటవాడే రహస్యం విప్పుతాడు. భుజం కింద చిన్న గాటుతో రక్తం తీసి, లోపలి భాగాలను సారాయితో కడిగి, నోటి గుండా కూరి, సగం శరీరానికి సారాయీ నూనే కలిపిన బార్లీపిండి ముద్ద పట్టించి పొయ్యిలో పెట్టాడట. పిండి కింది సగం ఉడికింది, పైసగం కాలింది. ఈ ఘట్టం చదివాక అథీనియస్‌ను నిఘంటువు అనడానికి నాకు నోరు రాలేదు.

మొదటి భాగాలను అసలు చదవవద్దని కాదు. సంక్షిప్తంలోనూ రత్నాలు ఉన్నాయి. రెండో భాగంలో యూబులస్ అనే హాస్యనాటక కవి మాటలు ఉన్నాయి. వివేకం గలవారికి మూడు పాత్రల సారాయి చాలు, ఒకటి ఆరోగ్యానికి, రెండోది ప్రేమకు, మూడోది నిద్రకు; ఆపైన ప్రతి పాత్రా ఒక మెట్టు పతనం, పదోది పిచ్చి, వస్తువులు విసిరించేది. ఆ దగ్గరలోనే సిసిలీలోని అక్రగాస్ పట్టణంలో "యుద్ధనౌక" అని పేరుపడ్డ ఇంటి కథ వస్తుంది. తాగిన కుర్రవాళ్ళు తాము తుఫానులో ఓడ మీద ఉన్నామని భ్రమపడి, బరువు తగ్గించడానికి మంచాలూ సామానూ వీధిలోకి విసిరేశారు. మరునాడు అధికారులు వస్తే, ఓ సముద్రదేవతలారా, భయంతో నేను ఓడ అడుగున దాక్కున్నాను అని ఒకడు విన్నవించుకున్నాడు. యూబులస్ చెప్పిన పదో పాత్రకు ఇది ప్రత్యక్ష నిదర్శనం. రెండిటినీ ఎవరు ఏ మాట మీద జతపరిచారో ఆ గొంతు సంక్షిప్తంలో వినబడదు. మీకు మొదటి నలభై పుటల్లో కలిగిన వెలితి ఇదే.

మన దేశం ముఖ్యంగా రెండు చోట్ల తళుక్కుమంటుంది, రెండూ పూర్తి పాఠం దక్కిన భాగాల్లోవే. నాలుగో భాగంలో మెగస్తనీస్ మాటను ఉటంకిస్తాడు. భారతీయుల భోజనంలో ఒక్కొక్కరి ముందూ ఒక్కో పీట వంటి బల్ల పెడతారు, దాని మీది బంగారు గిన్నెలో ముందు ఉడికించిన వరి అన్నం వడ్డించి, తర్వాత భారతీయ పద్ధతిలో వండిన అనేకమైన "ఒప్సా", అంటే ఆదరువులు, వేస్తారట. అన్నం ముందు, కూరలు తర్వాత, ఈ క్రమాన్ని ఒక గ్రీకు రాయబారి క్రీ.పూ. నాలుగో శతాబ్దపు చివరి ప్రాంతంలో పట్టి చూశాడు. రెండోది పద్నాలుగో భాగంలో, ఎండు అత్తిపండ్ల ప్రస్తావనలో వస్తుంది. "అమిత్రోఖాతీస్" అనే భారత రాజు, అంటే మన బిందుసారుడు, తియ్యని ద్రాక్షసారాయిని, ఎండు అత్తిపండ్లను, ఒక సోఫిస్టును, అంటే డబ్బు తీసుకొని విద్య చెప్పే పండితుణ్ణి, కొని పంపమని సిరియాను ఏలిన గ్రీకు రాజు అంటియోకస్‌కు రాశాడట. పండ్లూ సారాయీ పంపుతాను, సోఫిస్టును అమ్మడం మాత్రం గ్రీకుల చట్టం ఒప్పదని జవాబు వచ్చింది. చరిత్ర పాఠ్యపుస్తకాలలో ఇది దౌత్య సంబంధాలకు ఆధారంగా కనిపిస్తుంది. అది ఒక విందు పుస్తకంలో, పండ్ల పళ్ళెం పక్కన, సోఫిస్టులే కూర్చున్న గదిలో చెప్పిన ఛలోక్తి అని కూడా గుర్తుంటే బాగుంటుంది.

అందుకే ఒక హెచ్చరిక. అథీనియస్ ఉటంకింపును చరిత్ర సాక్ష్యంగా వాడే ముందు రెండుసార్లు ఆలోచించండి. క్రీ.పూ. 317 నుండి 307 వరకు ఏథెన్స్‌ను ఏలిన ఫాలెరమ్ దెమెత్రియస్ జరిపించిన జనాభా లెక్కలో 21,000 మంది పౌరులు, 10,000 మంది పరదేశ నివాసులు, 4,00,000 మంది బానిసలు తేలారని ఆరో భాగం చెబుతుంది. ఆ మూడో అంకెను నేనూ ఎన్నో ఏళ్ళు తరగతిలో కళ్ళు మూసుకొని చెప్పాను. ఆ నేల మీద అంతమందికి తిండి గింజలు ఎక్కడివని ఒక విద్యార్థిని అడిగినప్పుడు గాని నాకు అనుమానం రాలేదు, చరిత్రకారులు మాత్రం ఎప్పటినుండో దానిని నమ్మడం లేదు. మరోవైపు, ఇతరుల తప్పులు పట్టడంలో ఆయన కన్ను చురుకైనది. అగాథన్ గెలిచిన నాటికి ప్లేటోకు పద్నాలుగేళ్ళని అయిదో భాగంలో లెక్క కట్టి చూపిస్తాడు. కాల్లియాస్ విందులో తానూ ఉన్నానని రాసుకున్న క్సెనొఫన్ అప్పటికి పసివాడై ఉండాలని ఎత్తిచూపుతాడు. ఎపిక్యురస్ రాసిన గోష్ఠిలో అందరూ అణువాదులే, భిన్నమైన గొంతు లేదని విసుక్కుంటాడు.

ఆయన లేకుంటే ఏమి పోయేదో కూడా చెప్పాలి. సుమారు 800 మంది రచయితల పేర్లు ఈ పుస్తకంలో ఉన్నాయి, వారిలో చాలామంది గ్రంథాలు పూర్తిగా నశించాయి. గ్రీకు హాస్యనాటకంలో "మధ్యకాలం" అనే దశకు (క్రీ.పూ. నాలుగో శతాబ్దం) చెందిన నాటకాలు 800కు పైగా చదివి ఎత్తిరాసుకున్నానని ఎనిమిదో భాగంలో ఒక పాత్ర అంటుంది. ఆ 800లో ఒక్కటి కూడా నేడు పూర్తిగా లేదు. సిసిలీలోని గెలా పట్టణపు ఆర్కెస్త్రాటస్ అనే కవి ఏ ఊళ్ళో ఏ చేప బాగుంటుందో వీరగాథల ఛందస్సులో రాశాడు. మంచి చేప వండేటప్పుడు సిరక్యూస్ వాణ్ణీ ఇటలీ వాణ్ణీ దగ్గరికి రానివ్వకండి, జున్ను పోసి పాడుచేస్తారు అన్న ఆయన మాటలు దాదాపు పూర్తిగా అథీనియస్ వల్లే మిగిలాయి. ఆ అథీనియస్ కూడా ఒకే ఒక్క రాతప్రతి మీద వేలాడుతున్నాడు. కాన్‌స్టాంటినోపుల్ నుండి 1423లో జొవాన్ని ఔరిస్పా ఇటలీకి తెచ్చిన ఆ ప్రతి ఇప్పుడు వెనిస్‌లోని మార్చియానా గ్రంథాలయంలో ఉంది. దాని తొలి పుటలు చిరిగిపోవడం వల్లే మీకు ఈ తిప్పలు.

అనువాదం సంగతి. 1854 నాటి మూడు సంపుటాల యంగ్ ఇంగ్లీషు అనువాదం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, భాష పాతది. 2006 నుండి 2012 వరకు 8 సంపుటాలుగా వచ్చిన డగ్లస్ ఓల్సన్ అనువాదంలో గ్రీకు పాఠం ఎదురుగా ఉంటుంది, గ్రంథాలయంలో దొరికితే అదే తీసుకోండి. పుటల అంచున కనిపించే అంకెలూ వాటి పక్కన అక్షరాలూ కసోబాన్ అనే పండితుడి 1597 ముద్రణ పుటసంఖ్యలు. నీళ్ళ ఘట్టం 121 దగ్గర, అన్నం గిన్నె 153 దగ్గర, పంది 376 దగ్గర మొదలై 381 దగ్గర ముగుస్తుంది, బిందుసారుడి ఉత్తరం 652 చివర. ఏ ముద్రణలోనైనా ఈ అంకెలే పట్టుకొని వెళ్ళండి. పదమూడో భాగం వేశ్యల గురించిన కథలతో నిండి ఉంది. గదిలో స్త్రీల గురించి అంతసేపు మాట్లాడినా ఒక్క స్త్రీ చేత మాట్లాడించకపోవడం నాకు చదివినప్పుడల్లా కొరుకుడు పడదు, కాబట్టి దానిని మొదటి విడతలో దాటివేసినా నష్టం లేదు.

ఎనిమిదో భాగంలో ఫిలొక్సెనస్ కవి కథ మాత్రం దాటివేయకండి. సిరక్యూస్‌లో రెండు మూరల ఆక్టోపస్ కొని తల మినహా అంతా ఒక్కడే తిన్నాడు, కడుపుబ్బరంతో పడిపోయాడు. ఏవైనా పనులు మిగిలి ఉంటే చక్కబెట్టుకో, పగలు ఏడో గంటకు పోతావని వైద్యుడు చెప్పాడు. అన్నీ ఎప్పుడో చక్కబెట్టాను, నా పాటలు పెరిగి పెద్దవై బహుమతులు కూడా పొందాయి, చనిపోయినవారిని నది దాటించే పడవవాడు కేరన్ రమ్మని తొందరపెడుతున్నాడు, నా సొత్తంతా వెంట తీసుకుపోవాలి కాబట్టి ఆ మిగిలిన ఆక్టోపస్ తల ఇలా ఇవ్వండి అన్నాడట.